ఫెర్డినాండ్ పోర్షే

మనుష్యుడు చక్రమును చేసికొన్ననాటినుండి ఒక చిక్కు అతనిని వెన్నాడుచునే యున్నది. బాట ఎన్నడును నున్నగా నుండదు. రాయియో, గుంటయో, గాడియో చక్రమునకు తగిలినప్పుడెల్ల ఆ దెబ్బ ఇరుసును దాటి బండిలోని మనిషిని చేరును. ఎడ్లబండిలో నాలుగు కోసులు ప్రయాణము చేసినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కఱలేదు. గుఱ్ఱపుబండ్లకు ఉక్కు కమానుకట్టలు అమర్చిన పిదప ఈ బాధ కొంత తగ్గెను. తొలి మోటారుకార్ల నిర్మాతలు ఆ కమానుకట్టలనే తమ బండ్లకును బిగించిరి. కాని గుఱ్ఱము పోవు వేగము వేరు, ఇంజనుతో పోవు వేగము వేరు. వేగము హెచ్చినకొలది చక్రములు నేలనువిడిచి ఎగురసాగెను. నేలను విడిచిన చక్రము బండిని లాగలేదు, మలుపు త్రిప్పలేదు, ఆపనులేదు. కావున బండిలోని కుదుపు కేవలము సుఖమునకు సంబంధించినది కాదు, ప్రాణమునకు సంబంధించినది.

ఈ చిక్కును విప్పుటకు పాటుపడిన యంత్రశిల్పులలో ఫెర్డినాండ్ పోర్షే ప్రముఖుడు. ఆయన నేర్పు లోకమెల్ల ఎఱిగినది. ఆయన జీవితముపై పడిన మచ్చయు చిన్నది కాదు. ఆ రెంటిని కలిపి చూచిననే ఆయన చరిత్ర మనకు బోధపడును.

పోర్షే 1875వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన మాఫర్స్‌డార్ఫ్ అను గ్రామమున జన్మించెను. అది ఆనాడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని ఉత్తర బొహీమియాకు చెందినది. నేడు చెక్ దేశములోనిది. తండ్రి ఆంటన్ రేకుపని చేయువాడు. కుమారుడును తన వృత్తినే చేపట్టవలెనని ఆయన కోరిక. బాలుడు పగలంతయు తండ్రియొద్ద రేకులు కొట్టుచు, రాత్రులయందు సమీపపట్టణమైన రైఖెన్‌బర్గ్‌లోని సాంకేతిక పాఠశాలకు పోవుచుండెను. ఆ గ్రామమున ఒక తివాచీల మిల్లు కలదు. అందు వెలిగిన విద్యుద్దీపములు బాలుని మనస్సును ఆకర్షించెను. పదునెనిమిదేండ్లు నిండకమునుపే అతడు తన యింటికి స్వయముగా విద్యుద్దీపములు అమర్చెను. అది చూచిన పిదప తండ్రి మనస్సు మెత్తపడెను.

1893లో పోర్షే వియన్నా నగరమునకు పోయి ఒక విద్యుద్యంత్రముల కర్మాగారమున చేరెను. చిన్నపనులతో ఆరంభించి నాలుగేండ్లలో యంత్రములను పరీక్షించు శాఖకు అధిపతి యయ్యెను. తీరిక దొరికినప్పుడెల్ల అతడు వియన్నా సాంకేతిక విద్యాలయమునకు పోయి, విద్యార్థిగ నమోదు కాకయే, వెనుక కూర్చుండి ఉపన్యాసములు వినుచుండెను. ఆయన పొందిన ఉన్నతవిద్య యంతయు ఇంతియే. పట్టమేదియు ఆయనకు లేదు.

ఆ కాలమున వియన్నాలో లోనర్ అను పేరుగల బండ్ల నిర్మాతలు ఉండిరి. వారు రాజాస్థానమునకు గుఱ్ఱపుబండ్లు చేసి యిచ్చువారు. గుఱ్ఱముల కాలము ముగియుచున్నదని గ్రహించి వారు విద్యుచ్ఛక్తితో నడచు బండిని నిర్మింప దలచి, 1898లో పోర్షేను పనిలోనికి తీసికొనిరి. ఆయన చేసిన బండిని 1900వ సంవత్సరమున పారిస్ ప్రపంచ ప్రదర్శనమున ఉంచగా చూచినవారందఱు ఆశ్చర్యపడిరి. ఆ బండిలో గొలుసులు లేవు, పట్టాలు లేవు, గేర్లు లేవు. విద్యుత్ మోటార్లను చక్రపు నడిమి కుండలోనే పోర్షే అమర్చెను. మోటారు తిరిగిన చక్రము తిరుగును. నడుమ శక్తి వృథాపోవు తావు లేదు.

ఆ సంవత్సరమే ఒక ఆంగ్లేయుని కోరికపై ఆయన నాలుగు చక్రములలోను మోటార్లుగల బండిని నిర్మించెను. నాలుగు చక్రములకును శక్తినిచ్చిన తొలి మోటారుబండ్లలో అది యొకటి. కాని దాని బ్యాటరీల బరువే సుమారు 1,800 కిలోలు. మఱియొక లోపము కంటికి కనబడనిది. మోటార్లు చక్రములలోనే యుండుటచే చక్రములు మిక్కిలి బరువెక్కెను.

చక్రము బరువైనచో హాని యేమని అడుగవచ్చును. బండిలో స్ప్రింగులకు పైనున్న బరువు వేరు, స్ప్రింగులకు క్రిందనున్న బరువు వేరు. మనుషులు, సామాను, ఇంజను స్ప్రింగులపై నిలిచియుండును. చక్రములు, ఇరుసులు స్ప్రింగుల క్రింద నుండి బాట దెబ్బలను నేరుగా తినును. తేలికయైన చక్రము రాయి తగిలినప్పుడు చటుక్కున లేచి, వెంటనే స్ప్రింగు త్రోపుడునకు లోబడి క్రిందికి దిగును. బరువైన చక్రము ఒకసారి లేచెనా, దానిని క్రిందికి త్రోయుట స్ప్రింగునకు కష్టము. అది బండిని ఎగురవేయును, నేలపట్టును జారవిడుచును. నాలుగు చక్రములకు శక్తి నిచ్చినంతమాత్రమున చాలదు. ఆ నాలుగును నేలను విడువక పట్టుకొనునట్లు చేయవలెను. ఈ రెండవ పనికి తగిన ఉపాయము పోర్షేకు లభించుటకు ముప్పది యేండ్లు పట్టెను.

ఈ నడుమ ఆయన ఊరకుండలేదు. పెట్రోలు ఇంజనుతో విద్యుచ్ఛక్తిని పుట్టించి, ఆ శక్తితో చక్రములను త్రిప్పు బండ్లను నిర్మించెను. 1906లో ఆస్ట్రో-డైమ్లర్ సంస్థకు సాంకేతికాధిపతి యయ్యెను. 1910లో జర్మనీయందు జరిగిన ప్రిన్స్ హైన్రిచ్ పందెమున తాను నిర్మించిన కారును తానే నడపి ప్రథమస్థానము పొందెను. తరువాతి రెండు స్థానములును ఆ సంస్థ కార్లకే దక్కెను. మొదటి ప్రపంచయుద్ధమున భారీ ఫిరంగులను లాగుటకు ఆయన విచిత్రమైన బండ్లవరుసను కల్పించెను. ముందుబండిలోని ఇంజను విద్యుత్తును పుట్టింపగా, వెనుకబండ్ల చక్రములలోని మోటార్లు ఆ శక్తితో తిరిగెడివి. 1917లో వియన్నా సాంకేతిక విద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. ఒకనాడు పిలువకయే పోయి వెనుక కూర్చుండి పాఠములు విన్న విద్యాలయమే అది.

1923లో పోర్షే జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమునకు పోయి డైమ్లర్ సంస్థలో చేరెను. అచ్చట ఆయన నిర్మించిన పందెపుకార్లు గొప్ప విజయములను సాధించెను. కాని సామాన్యులు కొనదగిన చిన్నకారును చేయవలెనని ఆయన ఎంత చెప్పినను సంస్థ నిర్వాహకులు సమ్మతింపలేదు. 1928వ సంవత్సరాంతమున ఆయన ఆ పని వదలెను. పిదప ఆస్ట్రియాలో మఱియొక సంస్థలో చేరెను గాని, ఆర్థికమాంద్యమువలన అదియు నిలువలేదు. అప్పటికాయనకు ఏబదియైదేండ్లు. ఇతరులయొద్ద కొలువు చాలునని తలచి 1931లో స్టుట్‌గార్ట్‌లో స్వంతముగా యంత్రనిర్మాణ కార్యాలయమును స్థాపించెను. కార్ల్ రాబె మొదలగు పాత సహచరులును, కుమారుడు ఫెర్రీయు ఆయనతో నుండిరి. అడాల్ఫ్ రోజెన్‌బర్గర్ అను యూదుజాతీయుడు పెట్టుబడిలో వాటా పెట్టి, వ్యాపారవ్యవహారములు చూచుచుండెను.

ఆ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన పోర్షే ఒక క్రొత్త స్ప్రింగు అమరికకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసెను. దానినే టార్షన్ బారు అందురు. ఉక్కుకడ్డీ మెలిపడి తిరిగి విడుచు గుణమును గూర్చి అంతకుముందే కొందఱు ఎఱిగియుండిరి. దానిని మోటారుకారునకు ఒదుగునట్లు చేసి, విరివిగా వాడుకలోనికి తెచ్చిన ఘనత మాత్రము పోర్షే కార్యాలయమునకే చెల్లును.

తడిబట్టను పిండునప్పుడు ఒక కొనను ఒకరు పట్టుకొని, రెండవ కొనను వేరొకరు మెలిపెట్టుదురు. విడిచినచో బట్ట మెలి వీడును. ఉక్కుకడ్డీయు ఇట్టిదే. దాని ఒక కొనను బండి చట్రమునకు కదలకుండ బిగింతురు. రెండవ కొనకు ఒక చేయి వంటి కడ్డీని తగిలించి, ఆ చేతి చివర చక్రమును అమర్తురు. చక్రము రాతిపై కెక్కినప్పుడు చేయి లేచును, కడ్డీ మెలిపడును. రాయి దాటగనే కడ్డీ మెలి వీడి చక్రమును మరల నేలకు అదుమును.

కమానుకట్టలతో పోల్చినచో దీని గుణములు తెలియును. కమానుకట్టలో ఉక్కుపట్టీలు పెక్కు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. అవి ఒరసికొని అరుగును, తుప్పుపట్టి బిగిసికొనును. పైగా పాతకార్లలో ఒకే యిరుసు రెండు చక్రములను కలుపుచుండుటచే, ఒక చక్రము గుంటలో పడిన రెండవదియు ఒరగెడిది. ఉక్కుకడ్డీకి ఒరపిడి లేదు. అది తేలికయైనది, బండి క్రింద కొద్దిచోటులో ఒదుగును. ప్రతిచక్రమునకు దాని కడ్డీ దానికే యుండుటచే, ఒక చక్రము బాధ వేఱొక చక్రమునకు అంటదు. కడ్డీ కొననున్న పళ్లను ఒకటి రెండు జరిపి బిగించినచో బండి యెత్తును హెచ్చింపను తగ్గింపనువచ్చును. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును. ఒరపిడి లేని స్ప్రింగు ఒకసారి కదలిన ఊయలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును అణచుటకు నూనె నింపిన షాక్ అబ్సార్బరును దానికి జతచేయవలెను. ఊపు నణచు సాధనము అరిగిపోయినచో ఎంత మంచి స్ప్రింగైనను నిష్ఫలమే. ఇట్లు ముప్పది యేండ్ల క్రిందటి బరువైన చక్రమునకు మాఱుగా, తేలికయై, తనంత తానై కదలు చక్రము ఆయనకు లభించెను.

ఇంతలో జర్మనీలో కాలము మాఱెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. సామాన్యప్రజలకు కారు కావలెనని ఆ నియంత ప్రకటించెను. దశాబ్దముగా పోర్షే కన్న కలయు అదియే. 1934 జూన్ 22వ తేదీన ఆ కారును రూపొందించు ఒడంబడిక ఆయన కార్యాలయముతో జరిగెను. ఫోక్స్‌వాగన్, అనగా ప్రజలకారు, అను పేరుతో తరువాత లోకప్రసిద్ధమైనది ఇదియే. దాని ముందుచక్రములకు గొట్టములలో ఇమిడిన ఉక్కుపట్టీలును, వెనుకచక్రములకు గుండ్రని ఉక్కుకడ్డీలును స్ప్రింగులుగా అమరెను.

కోరిన పని చేతికి వచ్చినప్పుడు ఇచ్చినవా డెట్టివాడని పోర్షే విచారింపలేదు. 1937లో ఆయన నాజీపక్షమున చేరెను. అంతకు రెండేండ్లముందు, 1935లో, ఆయన తొలిభాగస్వామి రోజెన్‌బర్గర్ వాటాను అసలువిలువకు మించకుండ కొనివేసిరి. యూదుడైన కారణమున ఆ సంవత్సరమే రోజెన్‌బర్గర్ నిర్బంధమునకు గురియై, తరువాత దేశమునే విడిచిపోవలసివచ్చెను. 1938లో ప్రజలకారు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. కారు కొరకు వారమువారము డబ్బు చెల్లించి బిళ్లలు అంటించుకొన్న జర్మనులు సుమారు 3,36,000 మంది. వారిలో ఒక్కనికైనను ఆ పథకము క్రింద కారు దక్కలేదు. 1939లో యుద్ధము వచ్చెను. కర్మాగారము సైన్యము పాలయ్యెను.

ప్రజలకారే సైనికవేషము ధరించెను. క్యూబెల్‌వాగన్ అను తేలికబండ్లు సుమారు 50,000 తయారయ్యెను. వెనుకచక్రములకు మాత్రమే శక్తి కలిగినను, తేలికగా నుండుటచేతను, ప్రతిచక్రము వేరుగ కదలుటచేతను అవి ఇసుకలోను బురదలోను చక్కగా పోగలిగెను. ఆ వంశమున పుట్టినదే ష్విమ్‌వాగన్ అను ఈతబండి. దానిలో నాలుగు చక్రములకును శక్తి అందెను. నీటిలో దిగినప్పుడు వెనుకనున్న పంకాను దింపి పడవవలె నడుపుదురు. 1942 మొదలు 1944 వఱకు ఇట్టి బండ్లు 14,000కు పైగా తయారయ్యెను. నాలుగు చక్రములకు శక్తి, నాలుగింటికి నేలపట్టు అను రెండు గుణములును ఒక్కచోట కుదిరెను. యంత్రశిల్పిగా ఆయన తలపు ఈడేరినది.

కాని ఆ బండ్లను చేసిన చేతులు ఎవరివి? పోలండు, సోవియట్ దేశములనుండి బలవంతముగా తెచ్చిన స్త్రీపురుషులు, యుద్ధఖైదీలు, నిర్బంధశిబిరములలోని ఖైదీలు అచ్చట పనిచేసిరి. యుద్ధకాలమున ఆ కర్మాగారమున వెట్టిపని చేసినవారు సుమారు 20,000 మంది. వారికి తగిన తిండి లేదు, స్వేచ్ఛ లేదు. ఆ తల్లులకు పుట్టిన శిశువులను వేరుచేసి ఒకచోట ఉంచగా వారిలో మూడువందలమందికి పైగా మరణించిరి. పోర్షేయు ఆయన అల్లుడు ఆంటన్ పీఖ్‌యును ఆ కర్మాగార నిర్వాహకులలో ప్రముఖులు. రాయి తగిలిన చక్రము పడు బాధను అంత సూక్ష్మముగా గమనించిన మనిషి, తన కర్మాగారమున మనుష్యులు పడు బాధను చూచియు ఊరకుండెను. ఆయన జీవితమున క్షమింపరాని లోపమిదియే.

1945లో జర్మనీ ఓడిపోయెను. ఆ సంవత్సరము డిసెంబరులో ఫ్రెంచి అధికారులు పోర్షేను నిర్బంధించిరి. ఫ్రాన్సులోని ప్యూజో కార్ల కర్మాగారపు పనివారిని జర్మనీకి తరలించిన విషయమై ఆయనపై అభియోగము వచ్చెను. డెబ్బదియేండ్ల వయస్సున, ఆరోగ్యము చెడినవాడై, ఆయన ఇరువదినెలలు చెఱలో నుండెను. డిజోన్ నగరపు చెఱసాల చలి ఆయనను మఱింత క్రుంగదీసెను. ఆ కాలమున కుమారుడు ఫెర్రీ, కార్ల్ రాబెయు ఆస్ట్రియాలోని గ్ముండ్ అను చిన్న ఊరిలో ఒక పాత ఱంపపుమిల్లునందు కార్యాలయమును నడపుచుండిరి. ఇటలీదేశపు వ్యాపారి పియేరో డూసియో సిసిటాలియా అను తన సంస్థకు పందెపుకారును రూపొందింప కోరెను. ఆ పనికి లభించిన సొమ్ము తండ్రి విడుదలకు కట్టవలసిన ధరావతునకు తోడ్పడెను. 1947 ఆగస్టులో ఆయన విడుదలయ్యెను. ఆ ఫ్రెంచి అభియోగములను తరువాత న్యాయస్థానము కొట్టివేసెను.

ఇంటికి వచ్చిన వృద్ధుడు ఆ పందెపుకారు పటములను శ్రద్ధగా పరిశీలించెను. అందు నాలుగు చక్రములకును శక్తి నిచ్చు ఏర్పాటు కలదు. ఉక్కుకడ్డీ స్ప్రింగులు కలవు. 1900లో తాను బరువైన మోటార్లతో ఆరంభించిన ప్రయత్నము కుమారుని చేతిలో తేలికయైన రూపము దాల్చెను. అందు మార్చవలసిన దేదియు ఆయనకు కనబడలేదు. 1948లో పోర్షే అను పేరుతో తొలికారు గ్ముండ్‌లో వెలువడెను. 1950లో ఆయన జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కర్మాగారమును దర్శించి, తాను రూపొందించిన చిన్నకార్లు వేలకొలది తయారగుట కన్నులార చూచెను. కొలదికాలమునకే పక్షవాతము సోకి, 1951 జనవరి 30వ తేదీన స్టుట్‌గార్ట్‌లో మరణించెను.

ఆ చిన్నకారు నిర్మాణము 2003 వఱకు సాగెను. 2 కోట్ల 15 లక్షలకు పైగా కార్లు వెలువడెను. టార్షన్ బారు ట్యాంకులకు, బరువుబండ్లకు, కొండబాటలలో పోవు పెక్కు నాలుగుచక్రముల శక్తిబండ్లకు ఆధారమయ్యెను. తరువాతి నిర్మాతలు చుట్టస్ప్రింగులను, గాలిస్ప్రింగులను తెచ్చిరి. సాధనము మాఱినను సూత్రములు మాఱలేదు. చక్రము తేలికగా నుండవలెను. ప్రతిచక్రము తనంత తాను కదలవలెను. ఊపును అణచు సాధనము సరిగా నుండవలెను. అన్నిటికి మించి చక్రము నేలను విడువరాదు.

వెట్టిపని చేసినవారి కథయు మరుగునపడలేదు. హాన్స్ మామ్‌జెన్ అను చరిత్రకారుడు ఆ కర్మాగార చరిత్రను పరిశోధింపగా 1996లో అది గ్రంథముగా వెలువడెను. 1998లో ఫోక్స్‌వాగన్ సంస్థ, ఆ వెట్టివారిలో బ్రతికియున్నవారికి సాయము చేయుటకై ఒక నిధిని ఏర్పఱచెను. అప్పటికి వారిలో పెక్కురు గతించిరి.

పోర్షే జీవితమునుండి విద్యార్థులు గ్రహింపదగినవి రెండు కలవు. రేకుపనివాని కుమారుడు పట్టము లేకయే పట్టుదలతో, పరిశీలనతో ఎంత యెత్తునకు పోగలడో ఆయన చూపెను. తన పని నెఱవేరుటయే చాలునని, అది ఎవరి చేతిలో ఎందులకు ఉపయోగపడునో, ఎవరి కష్టముతో జరుగుచున్నదో విచారింపనివాడు ఎట్టి పాపమున పాలుపంచుకొనవలసి వచ్చునో ఆయన జీవితమే తెలుపును. యంత్రవిద్య నభ్యసింపగోరు బాలబాలికలు ఆయన నేర్పును నేర్చుకొనవలెను. ఆయన అడుగక విడిచిన ప్రశ్నలను మాత్రము తాము అడుగుట మరువరాదు.